తలుపు దగ్గరి మాట

కూర్చోమన్నారు, కూర్చుంది. ఎక్కడ? వంటగది పక్కన సామాన్ల గదిలో, మడత కుర్చీలు గోడకు ఆనించిన చోట, కాఫీ కాచే పెద్ద స్టీలు డబ్బా పక్కన. ఇన్నేళ్లుగా ఏ సమావేశం జరిగినా ఆ డబ్బా అడుగున పట్టిన మడ్డి రుద్ది కడిగింది ఆర్నెటాయే, ఇవాళ దాని పక్కనే దోషిలా కూర్చుంది, బాగుంది, చాలా బాగుంది. పిలిచేదాకా ఇక్కడే ఉండక్కా, అంది లాటోనియా, కళ్లు కలపకుండా తలుపు దగ్గరికి లాగుతూ. సంఘానికి ఇప్పుడు అధ్యక్షురాలు లాటోనియా. ఆ పిల్లని చెయ్యి పట్టుకుని, చదువుకున్న నల్లజాతి ఆడవాళ్ల సంఘమైన ఈ సోరోరిటీలోకి తీసుకొచ్చింది ఎవరయ్యా అంటే ఆర్నెటా. అవతల హాల్లో అక్కచెల్లెళ్లందరూ తెల్ల బట్టల్లో వరసగా కూర్చుని తన సంగతి తేలుస్తున్నారు. తనూ తెల్ల గౌనే వేసుకొచ్చింది, పొద్దున్నే గంజి పెట్టి ఇస్త్రీ చేసి మరీ, ఎడమవైపు గుండె మీద సంఘం గుర్తుగా ఇచ్చిన బంగారు పిన్ను పెట్టుకుని మరీ. నలిగిన బట్టల్లో తల వంచుకుని వస్తుందనుకున్నారేమో, ఆ ముచ్చట వాళ్లకి తీరదు. మేకన్ ఊరి మధ్యాహ్నపు ఎండ కిటికీ జాలీలోంచి వచ్చి మోకాళ్ల మీద పడుతోంది. ఎదురుగా చర్చిలో ఆదివారం పాట సాధన చేస్తున్నారు, మగగొంతులు ఒక్కచోటే జారిపోతున్నాయి, మళ్లీ మొదటికి, మళ్లీ మొదటికి. ఊపిరి ముందే పీల్చుకోండర్రా, అక్కడికి వచ్చాక వెతుక్కుంటే ఎక్కడ దొరుకుతుంది.

నేరం చిన్నది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. రహస్యం బయటపెట్టింది. తలుపు దగ్గరి మాట, లోపల పుట్టి లోపలే ఉండాల్సిన మాట, ప్రమాణం చేసిన ఆడది తప్ప ఇంకో మనిషి వినకూడని మాట, దాన్ని తీసుకెళ్లి అల్ఫాన్స్‌కి చెప్పింది. మగవాడికి! హైతీ నుంచి వచ్చి వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకి స్నానాలు చేయించే మనిషికి! ఆ మాట విన్నప్పుడు సంఘంలో తోటి మనిషి మోజెల్ మొహం చూడాలి. ఆ మొహం ఆర్నెటా చూడలేదు గానీ ఊహించుకోగలదు, కాలేజీ రోజుల నుంచి ఆ మొహం ఎరుగును. అక్కడ ఉంటున్న తమ సంఘపు వెర్డెల్‌ని చూద్దామని వెన్న కేకు చేసుకుని ఆశ్రమానికి వెళ్లిందట మోజెల్, గది ముందు నిలబడ్డ అల్ఫాన్స్ నోట ఆ మాట విందట, కేకు పళ్లెం చేతిలోంచి జారి వరండా అంతా పొడి పొడి అయిందట. కేకు పోయిందని ఏడుస్తోందో మాట పోయిందని ఏడుస్తోందో తెలియలేదు, అని నవ్వుతూ చెప్పాడు అల్ఫాన్స్, పాపం అతనికేం తెలుసు. ఆ సాయంత్రమే ఊళ్లో ఉన్న ప్రతి అక్కకీ ప్రతి చెల్లికీ ఫోన్లు వెళ్లిపోయాయి. రహస్యం పోయిందన్న సంగతి మాత్రం ఎవరూ రహస్యంగా ఉంచుకోలేదు, చిత్రం.

కానీ నవ్వే విషయం కాదు, నవ్వకూడదు. ఆ మాట విలువ వీళ్లందరికన్నా తనకే ఎక్కువ తెలుసు. ఒకరిళ్లలో అంట్లు తోమి, ఆ డబ్బుతో చదువుకుని, వీధిలో నడుస్తుంటే ఏయ్ పిల్లా అనిపించుకున్న ఆడవాళ్లు కట్టుకున్న సంఘం ఇది. ఇల్లు లాక్కోవచ్చు, ఉద్యోగం లాక్కోవచ్చు, పేరు కూడా లాక్కోవచ్చు, ఒక్క మాట మాత్రం ఎవడూ లాక్కోలేడని ఆ తల్లులు తలుపు దగ్గర ఒక మాట పెట్టుకున్నారు. లోపల నిలబడ్డ అమ్మాయి అడుగుతుంది, బయట ఎవరు? బయట అమ్మాయి చెబుతుంది, దీపం ఉండగానే వచ్చాను, చెయ్యి అందించు. అంతే. ఇంత చిన్నది. ఇంత చిన్న మాట మొదటిసారి చెప్పిన రోజు ఆర్నెటా సగంలో ఆగిపోతే, వెనక నిలబడ్డ వెర్డెల్ వీపు మీద వేలితో పొడిచి, చెప్పవే, చలికి చస్తున్నాం ఇక్కడ, అంది. ఎన్నేళ్లు గడిచినా ఆ పోటు ఇప్పటికీ వీపు మీద ఉన్నట్టే ఉంది.

ఒకే రోజు చేరారు ఇద్దరూ. పొడుగు వరసలో నిలబెడితే ఆర్నెటా ముందు, వెర్డెల్ వెనక. తర్వాత జీవితమంతా అదే వరస. వెర్డెల్‌ది పెద్ద గొంతు, అందుకే తలుపు దగ్గర నిలబడే పని దానికిచ్చారు, ఒకసారి ఇచ్చాక మళ్లీ ఎవరూ వెనక్కి తీసుకునే సాహసం చేయలేదు. ప్రతి సమావేశానికీ అదే, నడుం మీద చెయ్యి, తలుపు సందులో ఒక కన్ను, బయట ఎవరు? ఎదురుగా ఉన్నది తన సొంత వదినగారైనా సరే మాట చెప్పందే కదలదు. ఒకసారి వానలో తడుస్తున్న అధ్యక్షురాలిని కూడా అలాగే నిలబెట్టింది, ఆవిడకి కంగారులో మాట గుర్తు రాలేదు మరి. అదీ వెర్డెల్ అంటే. అలాంటి వెర్డెల్ ఇప్పుడు కూతురి పేరు మరిచిపోయింది, తన పెళ్లి మరిచిపోయింది, చేతిలో ఉన్నది చెంచా అని మరిచిపోయింది. మరవనిది ఒక్కటే. ఆశ్రమంలో తన గది గుమ్మం దగ్గర నిలబడుతుంది, నడుం మీద చెయ్యి వేస్తుంది, వచ్చిన ప్రతివాళ్లనీ అడుగుతుంది. బయట ఎవరు?

భోజనం తెచ్చామమ్మా, అంటే తలుపు మొహాన వేస్తుంది. మందులమ్మా, అంటే పళ్లెం విసిరికొడుతుంది. స్నానానికి రమ్మని చెయ్యి పట్టుకుంటే దొంగలు పడ్డారని అరుస్తుంది. అరవదా మరి? మాట చెప్పనివాళ్లని లోపలికి రానివ్వనని ప్రమాణం చేసింది కదా! ఆ ప్రమాణం నిలబెట్టుకుంటోంది, తిండి మానేసి నిలబెట్టుకుంటోంది. వాళ్లేమో పిచ్చి ముదిరిందన్నారు, సూది వేశారు. ఆర్నెటా వెళ్లేసరికి పట్టపగలు కళ్లు సగం మూసుకుని మంచం మీద పడి ఉంది వెర్డెల్, గడ్డం మీద ఎండిపోయిన జావ, మణికట్టు దగ్గర నల్లగా కమిలిన మచ్చ. ఎవరు తుడుస్తారని అడిగితే అక్కడి పెద్ద నర్సు చెప్పిన జవాబు చెవిలో ఇంకా మండుతోంది. ఆవిడకేం తెలుస్తుందమ్మా, అంది. ఆవిడకేం తెలుస్తుంది. ఆ మాట అన్న నోరు... పోనీ, ప్రార్థనా మందిరం ఎదురుగా కూర్చుని తిట్టకూడదు. రుమాలు తడిపి గడ్డం తుడుస్తుంటే కళ్లు తెరవకుండానే అడిగింది వెర్డెల్, నాలుక మొద్దుబారిపోయి, సగం మాటలు మింగుతూ అడిగింది, బయట ఎవరు? దీపం ఉండగానే వచ్చాను, చెయ్యి అందించు, అంది ఆర్నెటా, చెవిలో. చెయ్యి వచ్చింది. సూది మత్తులో ఉన్న చెయ్యి, తేలుతూ, వెతుక్కుంటూ, వచ్చి తన వేళ్లు పట్టుకుంది. లోపలికి రా చెల్లీ, అంది. జావ గిన్నె మొత్తం తాగింది.

అప్పుడు వరండాలోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడిపోయింది ఆర్నెటా. తనకి రోజూ మూడు పూటలా రావడం కుదరదు, మోకాళ్లు అరిగిన ఆడది, బస్సు పట్టుకుని ఊరి ఆ చివరి నుంచి ఈ చివరికి రావాలి. తను రాని పూట వెర్డెల్ ఆకలితో ఉంటుంది, లేదా మత్తులో ఉంటుంది. బట్టలు మడత పెట్టుకుంటూ అటు వెళ్తున్న అల్ఫాన్స్‌ని, బాబూ ఇటు రా, అని పిలిచింది. ఆలోచించలేదని ఎవరైనా అంటే అబద్ధం, బాగా ఆలోచించింది, ఒళ్లు తెలిసే చెప్పింది. ఒక మాట చెబుతాను, గుర్తు పెట్టుకుంటావా, నీ దగ్గరే ఉంచుకుంటావా, అంది. అతను తల ఊపాడు, టోపీ కూడా తీశాడు ఎందుకో. చెప్పేసింది. భూమి బద్దలవలేదు, ఆకాశం ఊడిపడలేదు. మర్నాడు వెళ్లి చూస్తే గుమ్మం అంత మనిషి గుమ్మంలో వంగి నిలబడి బుద్ధిగా మాట చెబుతున్నాడు, వెర్డెల్ అతని అరచెయ్యి పట్టుకుని, ఆలస్యమైందే చెల్లీ, ఎండలో పడి వచ్చావా, అని లాక్కెళుతోంది, అతను వస్తున్నానక్కా వస్తున్నా, అంటున్నాడు. స్నానం అయింది. తల దువ్వించుకుంది. సూదులు ఆగిపోయాయి. చెంపలు కాస్త నిండాయి కూడా. అదీ నేరం. ఆ నేరానికే ఈ కాఫీ డబ్బా పక్కన కొలువు.

హోబర్ట్ ఉంటే ఎంత నవ్వేవాడో. కాదు, నవ్వేవాడు కాదు, ఉడుక్కునేవాడు. కాపురం చేసినన్నాళ్లూ ఆ మాట కోసం పీక్కుతిన్నాడు మహానుభావుడు. ఏముందే మీ దగ్గర, కోడి వేపుడు మసాలానా, అనేవాడు. సమావేశం నుంచి రాగానే కారు తలుపు పట్టుకుని, మాట చెప్పు లేకపోతే దిగనివ్వను, అనేవాడు, తను చెప్పులు చేత్తో పట్టుకుని అటు తలుపులోంచి దిగిపోయేది. చివర్లో ఆసుపత్రి మంచం మీద, ముక్కుకి గొట్టంతో, ఇప్పుడైనా చెప్పవే, ఎవరికి చెబుతాను ఇంకా, అన్నాడు. తప్పు హోబర్ట్, అంది. నవ్వాడు. గట్టి పిండానివే, అన్నాడు, అదొక బిరుదులాగా. మోజెల్‌కి తెలుసా ఆ సంగతి? లాటోనియాకి తెలుసా? ప్రాణంలో ప్రాణమైన మనిషి పోతూ అడిగినా పెదవి విప్పని దానిని, నోటి దూల ఆపుకోలేక చెప్పేశానంటారా! అప్పుడు చెప్పకపోవడం తప్పు కాదు, ఇప్పుడు చెప్పడమూ తప్పు కాదు. హోబర్ట్‌ది ముచ్చట. వెర్డెల్‌ది ఆకలి. ఆ రెంటికీ తేడా తెలియని వాళ్లకి ఎంత పెద్ద పిన్ను పెట్టినా ఒకటే.

పీకేస్తారు, పీకేయనీ. పిన్ను ఊడిపోతే గుండె ఊడిపోదు. బుధవారం భోజనాలు పోతాయి, పోనీ. ఈస్టరుకి వరసలో కూర్చునే కుర్చీ పోతుంది, పోనీ. ఒక్కటి మాత్రం పోనీ అనలేకపోతోంది. పోయిన అక్కకి చివర్న తలుపులు మూసి సంఘం తంతు చేస్తారు, బయటివాళ్లు ఉండకూడదు, కొడుకూ కూతురూ కూడా ఉండకూడదు. చుట్టూ నిలబడి పేరు పిలుస్తారు. పోయిన మనిషి పలకలేదు కదా, ఆవిడతో పాటు అదే రోజు చేరిన మనిషి ఆవిడ బదులు పలుకుతుంది, ఉన్నాను, అని. ఆ వరసలో మిగిలింది వాళ్లిద్దరే. నువ్వు పోతే నేను పలుకుతా, నేను పోతే నువ్వు పలుకు, కానీ నంగి నంగిగా పలికావంటే లేచి వచ్చి తంతాను, అంది వెర్డెల్, బుర్ర బాగున్న రోజుల్లో, ఇదే వంటగదిలో గుడ్లు ఒలుస్తూ. వెర్డెల్ ఇంకెంతో కాలం ఉండదు. డాక్టరు చెప్పక్కర్లేదు, చెయ్యి పట్టుకుంటే తెలుస్తుంది, పక్షి బరువు కూడా లేదు. ఇవాళ పిన్ను పోతే, ఆ రోజు తలుపు అవతల ఉండిపోవాలి. వెర్డెల్ పేరు పిలిచినప్పుడు ఇంకెవత్తో పలుకుతుంది, మోజెలే పలుకుతుందేమో, ముక్కుతో.

తలుపు తెరుచుకుంది. లాటోనియా. మొహం వెలిగిపోతోంది, పరిగెత్తుకొచ్చినట్టు రొప్పుతోంది. వచ్చి కాఫీ డబ్బాకి అటు పక్కన మోకాళ్ల మీద కూర్చుంది, తెల్ల గౌను మాసిపోతుందన్న ధ్యాసే లేదు.

"అక్కా, బయటపడ్డావు పో. దారి దొరికింది."

"ఏం దారి?"

"మాట ముందు బయటపెట్టింది నువ్వు కాదుగా, వెర్డెలక్క. రోజూ అందరూ వింటుండగా ప్రశ్న అడిగింది ఆవిడే. సగం రహస్యం అక్కడే పోయింది. నువ్వు మిగతా సగం అన్నావు, అంతేగా. తప్పు ఆవిడ పేరున రాసేస్తే నీకు ఒక మందలింపుతో సరి."

"దాని పేరున రాస్తే దానికేమవుతుంది?"

"పేరు తీసేస్తాం." లాటోనియా తల పక్కకి తిప్పుకుంది. "అంతకన్నా ఏముందక్కా. ఆవిడకేం తెలుస్తుంది, పాపం."

"పోయాక? తలుపులు మూసి పేరు పిలవడం?"

"చర్చివాళ్లు చేస్తారుగా. అదేం తక్కువా?" చెయ్యి పట్టుకుంది ఆ పిల్ల, కళ్లలో నీళ్లు తిరిగాయి, అబద్ధపు నీళ్లు కావు. "అక్కా, నిన్ను పోగొట్టుకుని ఈ కుర్చీలో నేనెలా కూర్చోను? మా అమ్మ పోయినప్పుడు నా బదులు ఇల్లంతా నువ్వే చూశావు. ఎంత బతిమాలానో తెలుసా ఒక్కొక్కళ్లనీ? మోజెలక్కని కూడా ఒప్పించాను. గోళీలతో ఓటేస్తున్నాం. తీర్పు అయ్యేదాకా నువ్వూ సభ్యురాలివే, నువ్వూ వేస్తావు. అందరూ ఒప్పుకున్నట్టు తెల్లదే వేస్తారు. నువ్వూ తెల్లది వేశావా, అయిపోయింది."

"ఒక్క నల్లది పడితే?"

"ఎందుకు పడుతుంది? పడితే ఆ దారి మూసుకుపోయినట్టే, మొదటి నేరమే మిగులుతుంది, నువ్వు పిన్ను ఇచ్చేసి వెళ్లిపోవాలి. ఆ మాట ఎందుకిప్పుడు? రా, రెండు నిమిషాల్లో పిలుస్తాను."

వెళ్లిపోయింది. తెల్ల గోళీ. నున్నగా ఉంటుంది, వేళ్ల మధ్య చల్లగా ఉంటుంది, ఎన్నిసార్లు వేసిందో. గుడ్డ కప్పిన పెట్టెలో చెయ్యి పెడితే ఎవరేం వేశారో పక్కవాళ్లకి తెలియదు. వేసేస్తే సరి. వెర్డెల్‌కి నిజంగానే తెలియదు, రేపూ గుమ్మంలో నిలబడే ఉంటుంది, రేపూ చెల్లీ అంటూ అల్ఫాన్స్ చెయ్యి పట్టుకుంటుంది, తన పేరు ఎక్కడ ఉందో ఎక్కడ లేదో దానికేం పట్టింది. తనకి ఈ సంఘం ఇల్లు మిగులుతుంది. ముసలితనంలో ఇంకేముంది ఈ ఇల్లు తప్ప, హోబర్ట్ లేడు, పిల్లలు కలగలేదు, పొద్దున్నే లేచి ఎవరికి ఫోను చేయాలి? తను పోయిన రోజు కూడా నలుగురు చుట్టూ నిలబడతారు, పేరు పిలుస్తారు. కాస్త ఆశ పడిందా? పడింది. మనిషే కదా, పడింది, ఎందుకు దాచాలి. చర్చిలో మగగొంతులు ఈసారి ఆ చోటు దాటేశాయి, ఎవరో చప్పట్లు కొట్టారు.

కానీ ఆవిడకేం తెలుస్తుంది అంది కదా ఆ పిల్ల. నర్సు కూడా అదే అంది. గడ్డం మీద జావ ఎండిపోయింది ఆ మాట వల్లే, మణికట్టు కమిలింది ఆ మాట వల్లే. అక్కడ ఆ మాట అన్నవాళ్లు జీతానికి వచ్చినవాళ్లు, ఇక్కడ అన్నది చెల్లెలు. ప్రమాణంలో చివరి వాక్యం అందరికీ నోటికొచ్చు, లోపలి మాట బయటికి పోనివ్వను, అని. మొదటి వాక్యం ఏమిటే లాటోనియా? నా అక్కని చీకట్లో వదిలిపెట్టను, అని కాదూ? అది మొదట ఎందుకు పెట్టారు ఆ తల్లులు, తోచక పెట్టారా? వాళ్లు వెర్డెల్‌ని చీకట్లో వదిలి, అది మంచితనం అనుకుంటున్నారు. బతిమాలి, ఏడ్చి, ప్రేమతో వదులుతున్నారు. తన కోసమే వదులుతున్నారు! ఒళ్లు మండిపోయింది ఆర్నెటాకి, లేచి నిలబడితే మోకాలు పట్టేసింది, పట్టేస్తే పట్టేసింది, కుంటుకుంటూ అయినా వెళ్తుంది. నువ్వు అడిగిన దానికి నేను బదులు చెప్పానే వెర్డెల్, అందుకు నీ మీద నేరం వేస్తారట, నేను ఊరుకోవాలట.

పిలుపు వచ్చింది. హాల్లో అందరూ నిలబడి ఉన్నారు, తెల్లగా, వరసగా, కొందరు తనని చూసి నవ్వు మొహం కూడా పెట్టారు, అంతా సర్దుకుపోయినట్టే. ఒక్కొక్కరే బల్ల దగ్గరికి వెళ్లి, గిన్నెలోంచి గోళీ తీసి, గుప్పిట మూసి, గుడ్డ కింద పెట్టెలో వేసి వస్తున్నారు. టక్కు. టక్కు. మోజెల్ వేసి వస్తూ తన భుజం తట్టింది, పోన్లే ఇకనైనా జాగ్రత్తగా ఉండు, అన్నట్టు. చివరి మనిషి ఆర్నెటా. బల్ల దగ్గరికి వెళ్లింది. గిన్నెలో చెయ్యి పెట్టింది, తీసింది. గుప్పిట మూయలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నల్ల గోళీ పట్టుకుని, చెయ్యి పైకెత్తి, కిటికీ వెలుతుర్లో హాలు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా అందరికీ కనపడేటట్టు తిప్పింది. పెట్టె మీది గుడ్డ రెండో చేత్తో లాగి కింద పడేసింది. అందరూ చూస్తుండగా వేసింది.

"అక్కా!" లాటోనియా కింద పడ్డ గుడ్డ చేతిలోకి తీసుకుంది. "ఏం చేశావో తెలుస్తోందా నీకు?"

"తెలుసమ్మా. మాట చెప్పింది నేను. ఒళ్లు తెలిసి చెప్పాను, అది అన్నం తినడానికి చెప్పాను, మళ్లీ అడిగితే మళ్లీ చెబుతాను. వెర్డెల్ పేరు జోలికి మాత్రం ఎవరూ రావద్దు."

పిన్ను తియ్యడానికి వేళ్లు సహకరించలేదు, కొక్కెం చాలా చిన్నది, ఎప్పుడూ వెర్డెలే పెట్టి వెర్డెలే తీసేది. ఎవరూ సాయం రాలేదు. తనే తీసుకుంది, గౌను కాస్త చిరిగింది, పిన్ను బల్ల మీద పెట్టింది. మోజెల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది, ఈసారి కేకు కోసం కాదు. తలుపు దాకా నడిచింది ఆర్నెటా, ఎవరూ అడ్డం లేచి రాలేదు, గడియ తీసి, వెనక్కి తిరిగింది.

"దాని రోజు వచ్చినప్పుడు తలుపులు మూసుకోండి, నేను లోపలికి రాను. పేరు మాత్రం గట్టిగా పిలవండి. బయటి నుంచి పలుకుతాను."